మన ఊళ్ళ ఖబరస్తానులలోని సిపాయిలు

యుద్ధరంగంలో ప్రాణం విడిచిన సైనికునికి దేశం ఒక శిలపై చోటిస్తుంది. యుద్ధం ముగిసిన పిదప ఇంటికి తిరిగి వచ్చి, ముప్పది నలువది ఏండ్లు సొంత ఊరిలో బ్రతికి, వార్ధక్యంలో కన్ను మూసిన సైనికునికి ఎవరు చోటిస్తారు? ఈ ప్రశ్నను కళాశాల వార్షిక సంచికలో ప్రస్తావించవలెనని మేము సంకల్పించడానికి కారణమున్నది. మన విద్యార్థులలో చాలమంది పల్లెల నుండి వచ్చినవారు. ముస్లిం కుటుంబాలున్న పల్లెలో ఎక్కడో ఒక మూల ఖబరస్తాను ఉంటుంది. వాటిలో ఎన్నింటిలోనో మాజీ సిపాయిలు మట్టిలో పడుకొని ఉన్నారు. వారి పేర్లు ఆ ఊళ్ళలో ఇప్పుడు ఎందరికి తెలుసు?

ఢిల్లీలోని ఇండియా గేటు గోడలపై 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. 1931లో ఆవిష్కృతమైన ఆ కట్టడం మొదటి ప్రపంచ యుద్ధంలోను, 1919 నాటి ఆఫ్ఘను యుద్ధంలోను మరణించిన భారతీయ సైనికులకు స్మృతిచిహ్నం. దాని సమీపంలోనే 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైనది. స్వాతంత్ర్యానంతరం ప్రాణాలర్పించిన సైనికుల పేర్లు 25 వేలకు పైగా అక్కడి గ్రానైటు పలకలపై ఉన్నాయి. ఈ రెండు కట్టడాలూ అవసరమైనవే. అయితే తిరిగి వచ్చినవాని పేరు ఆ రెండింటిలోను ఉండదు. అక్కడ ప్రవేశానికి మరణమే అర్హత. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుండి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటి వెళ్ళారు. రెండవ యుద్ధకాలంలో భారత సైన్యం ఇరవై లక్షలకు మించి పెరిగింది. వెళ్ళినవారిలో అత్యధికులు తిరిగి వచ్చినవారే. వచ్చి కొందరు సేద్యం చేసుకున్నారు, కొందరు జట్కా తోలుకున్నారు, కొందరు పాఠశాలల్లోను, కచేరీల్లోను బంట్రోతులుగా కుదిరారు. ఒకనాడు చనిపోయారు. ఊరివారు నలుగురు జనాజా మోసి మట్టి ఇచ్చి వచ్చారు. అంతటితో వారి చరిత్ర ముగిసింది.

పోయిన సంవత్సరం శీతకాలంలో మేము కొందరు విద్యార్థులతో కలిసి మన ప్రాంతపు పల్లె ఖబరస్తాను ఒకటి చూచి వచ్చాము. ఊరి పేరు ఇక్కడ ముఖ్యం కాదు. ఒక మూల ముసలి వేపచెట్టు, చుట్టూ సర్కారు తుమ్మ, సగం కూలిన మట్టిగోడ. పలకరాయి నిలిపిన గోరీలు పదో పన్నెండో ఉంటాయి. మిగిలినవన్నీ వానలకు కరిగి నేలలో కలిసిపోతున్న దిబ్బలు. ఆ ఊరిలో గోరీలు త్రవ్వే పెద్దాయన మా వెంట వచ్చి చేతికర్రతో చూపించాడు. "ఇది మిలిటరీ తాతది. ఆ పక్కది బర్మా సాయిబుది." వారి అసలు పేర్లేమిటని ఒక విద్యార్థి అడిగాడు. ఆయన కొంతసేపు ఆలోచించి, "మిలిటరీ తాత అనే అందరం పిలిచేవాళ్ళం బాబూ, పేరు పెట్టి పిలిచేంత వయసు మాలో ఎవరికుంది?" అన్నాడు.

ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. ఉన్నది గౌరవమే. గౌరవం వల్లనే పేరు మరుగున పడింది! పెద్దలను పేరు పెట్టి పిలువకపోవడం మన మర్యాద. ఆ మర్యాద ఒక తరం పాటు సాగితే ఆ పేరు తెలిసినవారు మిగలరని ఎవరూ తలచి ఉండరు.

మిలిటరీ తాత మనుమని ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు ఒక రేకుపెట్టె తెచ్చి మా ముందు ఉంచింది. అందులో మడతల వద్ద చిరిగిన కాగితం ఒకటి ఉన్నది. సిరా వెలిసిపోయి సంఖ్యలో రెండు అంకెలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయన బస్రా వెళ్ళి వచ్చాడని ఇంట్లో అనుకుంటారట. వెండి పతకం కూడా ఉండేదట. కరవు సంవత్సరంలో దానిని కంసాలికి తూకం వేసి అమ్మినారు. మొదటి యుద్ధానంతరం సిపాయిలకు ఇచ్చిన వెండి పతకాల అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉండేవి. కంసాలి కొలిమిలో వెండితో పాటు ఆ నాలుగూ కరిగిపోయాయి. ఆకలి వేళ పతకాన్ని అమ్ముకున్నవారిని తప్పుపట్టే అధికారం మనకెవ్వరికీ లేదు. అమ్మేముందు ఆ అంచుమీది అక్షరాలను ఒక కాగితంపై వ్రాసి ఉంచుమని చెప్పగల చదువుకున్నవాడు ఆనాడు ఆ వీధిలో లేకపోయాడే అన్నదే మా బాధ. ఈనాడు అటువంటి వీధులలో చదువుకున్నవారున్నారు. వారు మన విద్యార్థులే.

పల్లె నేలలో ఖననమైన సిపాయిని మరువకుండా నిలుపుకొన్న ఊరు ఒకటి పంజాబు సరిహద్దులో ఉన్నది. ఖేమ్‌కరణ్ సమీపంలోని ఆ గ్రామం పేరు అసల్ ఉత్తర్. ఉత్తర ప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో 1933లో జన్మించిన అబ్దుల్ హమీద్ ఒక దర్జీ కుమారుడు. 1954లో సైన్యంలో చేరి, 1962 చైనా యుద్ధంలో పాల్గొని, 1965 సెప్టెంబరు నాటికి నాలుగవ గ్రెనేడియర్స్ బెటాలియనులో కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దారుగా ఉన్నాడు. జీపుపై అమర్చిన 106 మిల్లీమీటర్ల ఫిరంగితో, ఏపుగా పెరిగిన పైరు మాటున దాగి, శత్రువుల ప్యాటన్ ట్యాంకులను ఒకదాని తరువాత ఒకటి ధ్వంసం చేసి, సెప్టెంబరు 10న నేలకొరిగాడు. ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ప్రదానం చేసింది. ఆయన మృతదేహాన్ని పోరాడిన చోటనే, పొలాల నడుమ ఖననం చేశారు. 1947 తరువాత ముస్లిములు దాదాపు లేకుండా పోయిన సరిహద్దు ప్రాంతమది. ఫాతెహా చదివే బంధువులు వందల మైళ్ళ దూరంలో ఉన్నారు. అయినప్పటికీ ఆ సమాధి పాడుపడలేదు. సెప్టెంబరు 10న అక్కడ జనం గుమికూడుతారు, సైనికాధికారులు పుష్పగుచ్ఛాలుంచుతారు.

అసల్ ఉత్తర్‌ను తలచుకొన్నప్పుడు మాకు గర్వం కలుగుతుంది. వెంటనే మరొక ఆలోచన కూడా వస్తుంది. అదే బెటాలియనులో, అవే పొలాలలో, అదే మూడు రోజులూ పోరాడి బ్రతికి బయటపడినవారు ఏమైనారు? పదవీ విరమణ చేసి పింఛను పుచ్చుకొని ఊళ్ళకు చేరుకున్నారు. వారి దిబ్బలను ఎవరైనా చేతికర్రతో చూపిస్తున్నారో లేదో! వీరత్వం ఒక్క క్షణంలో వెలిగి ఆరితేనే మనకు కనిపిస్తున్నది. అదే వీరత్వం ముసలితనం దాకా ఇంటి అరుగుమీద కూర్చుంటే "మిలిటరీ తాత" అని ముద్దుపేరు పెట్టి ఊరుకుంటున్నాము.

ఈ లోపం మన దేశానికే పరిమితం కాదు. బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధుల సంరక్షణకు 1917లో ఒక కమిషను ఏర్పడింది. హోదాలో భేదమున్నా సమాధి రాయిలో భేదముండరాదని, సేనాపతికీ సిపాయికీ ఒకే కొలత రాయి నిలపాలని ఆ కమిషను నియమం పెట్టుకొన్నది. ఇది శ్లాఘనీయమైన నియమం. అయితే దానికి కాలపరిమితి కూడా ఉన్నది. 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 వరకు, మరల 1939 సెప్టెంబరు 3 నుండి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారే దాని లెక్కలోకి వస్తారు. 1948 జనవరి 1న చనిపోయినవాడు రాడు. పోనీ, లెక్కలోకి వచ్చినవారందరికీ సమాన గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. 2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే తన ప్రత్యేక సంఘపు నివేదికను ప్రకటించింది. మొదటి యుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా వాసులలో సుమారు 45 వేల నుండి 54 వేల మందికి అసమానమైన రీతిలో స్మారకం జరిగిందని, ఇంకా కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మారకమే జరుగలేదని, అసలు ఏ విధమైన స్మారకానికీ నోచుకోనివారు కూడా వారిలో ఉన్నారని అందులో ఒప్పుకొన్నారు. సమానత్వమే సూత్రంగా పుట్టిన సంస్థకే వంద సంవత్సరాలు పట్టింది, ఎవరిని మరచిపోయామో లెక్క వేసుకోవడానికి.

ఇంగ్లండులోని వోకింగ్ పట్టణం కథ మన ముస్లిం విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో 1889లో నిర్మితమైన మసీదు అక్కడ ఉన్నది. మొదటి యుద్ధకాలంలో గాయపడి ఇంగ్లండు ఆసుపత్రులలో మరణించిన భారతీయ ముస్లిం సైనికులకు మతాచారం ప్రకారం ఖననం జరుగడం లేదని శత్రు పక్షం ప్రచారం సాగించింది. దానికి జవాబుగా అన్నట్లు వోకింగ్ సమీపంలోని హార్సెల్ అనే బీడు భూమిలో, గుమ్మటాల ద్వారంతో ఇటుక గోడ కట్టించి, 1917 నాటికి ఒక ఖబరస్తానును పూర్తి చేశారు. రెండు యుద్ధాలలోను కలిపి 27 మందిని అక్కడ ఖననం చేశారు. యుద్ధాలు ముగిశాయి, ప్రచారపు అవసరం తీరింది. గోడలు శిథిలమయ్యాయి, అల్లరి మూకలు జొరబడసాగాయి. చివరకు 1968లో ఆ భౌతికకాయాలను అక్కడికి కొద్ది దూరంలోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఖాళీ గోడలు దాదాపు అర్ధశతాబ్దం అలాగే మిగిలాయి. 2015లో ఆ స్థలాన్ని శాంతివనంగా తీర్చిదిద్ది, ఆ 27 మంది పేర్లు రాతిపై చెక్కించి, 27 హిమాలయ భూర్జ వృక్షాలు నాటారు. గుమ్మటాలు, ఇటుకలు వారి స్మృతిని కాపాడలేకపోయాయి. అయినా అన్నేళ్ళ తరువాత ఆ 27 మందికీ ఒక్కొక్క పేరు వ్రాయగలిగారంటే కారణం, ఎక్కడో ఒక గుమాస్తా ఆనాడు రిజిస్టరులో వారి పేర్లు సరిగా వ్రాసి ఉంచడమే.

ఇంటికి వచ్చి చనిపోయినవారి విషయంలో అమెరికావారి పద్ధతి ఒకటి మాకు నచ్చింది. అక్కడ పల్లెల సామాజిక శ్మశానాలలో అంతర్యుద్ధం నాటి మాజీ సైనికుల సమాధులు రాయి లేకుండా ఉన్నాయని గ్రహించి, ప్రైవేటు శ్మశానాలలోని అటువంటి సమాధులకు కూడా ప్రభుత్వమే రాయి ఇచ్చే విధంగా 1879లో చట్టం చేశారు. మే మాసపు చివరి సోమవారం నాటి స్మారక దినాన ఊరి పిల్లలు, మాజీ సైనికులు కలిసి ఆ సమాధుల చెంత చిన్న చిన్న జెండాలు గ్రుచ్చుతారు. ఏ సమాధి సైనికునిదో తెలియకపోతే జెండా ఎక్కడ గ్రుచ్చాలో తెలియదు కాబట్టి ఊరూరా జాబితాలు తయారైనాయి. జెండాలు అటుంచి ఆ జాబితాను మనం అనుకరించవచ్చునని మా అభిప్రాయం.

జెండా, రాయి అనగానే మనలో ఒక సందేహం పుడుతుంది. గోరీని అలంకరించవచ్చునా? పల్లెలలో ఈ విషయమై వాగ్వాదాలు జరుగడం మేము చూచినదే. గోరీలపై గచ్చు వేయరాదని, కట్టడాలు కట్టరాదని ప్రవక్త నిషేధించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. మన పూర్వులు అత్యధికులు మట్టి గోరీతోనే తృప్తి పడడానికి పేదరికం ఒక కారణమైతే, ఈ నిషేధం మరొక కారణం. అయితే అవే గ్రంథాలలో మరొక ఉదంతం కూడా ఉన్నది. సహచరుడైన ఉస్మాన్ ఇబ్న్ మజ్‌ఊన్ మరణించినప్పుడు ప్రవక్త స్వయంగా ఒక పెద్ద రాయిని మోసుకొని వచ్చి అతని సమాధి తలవైపు ఉంచారు. గుర్తుపట్టడానికే ఆ పని చేస్తున్నట్లు కూడా తెలిపారు. ఈ రెండు ఉదంతాలను కలిపి చూస్తే మార్గం స్పష్టంగానే ఉన్నది. పాలరాయి వద్దు, గుమ్మటం వద్దు, దిబ్బపై సిమెంటు వద్దు. తలవైపు ఒక బండరాయి, దానిపై ఒక సంఖ్య చాలు. ఆ సంఖ్యకు సంబంధించిన వివరమంతా పుస్తకంలో ఉంటుంది. ఇందుకు ఏ ముతవల్లీ అభ్యంతరం చెప్పడని మా నమ్మకం. చెప్పినట్లయితే ఆ రాయి కూడా మానుకొని, వేపచెట్టు నుండి ఇన్ని అడుగులు పడమరకు అని పుస్తకంలో వ్రాసుకొందాము.

ఇక్కడ ఒక మాట నిర్మొగమాటంగా చెప్పవలసి ఉన్నది. ముస్లిం సైనికుల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మనవారు, ఇతరులు కూడా, దానిని ఒక ధ్రువపత్రంగా చూపించడం అలవాటైపోయినది. వేదికలపై బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు చెప్పి, "చూడండి, మేము కూడా" అంటాము. ఆ మహనీయుడు 1948లో నౌషెరాను కాపాడి, చేజారిన ఝంగర్‌ను మరల స్వాధీనపరచుకొని, జూలై 3న అక్కడే ఫిరంగి గుండుకు బలి అయినాడు. ముప్పది ఆరు సంవత్సరాలు కూడా నిండలేదు. ఢిల్లీలో జరిగిన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ హాజరైనారు. జామియా మిల్లియా ఆవరణ వద్ద ఖననమైన ఆయన మహావీర చక్ర గ్రహీత. 2020 డిసెంబరులో ఆయన సమాధి రాయి పగిలి ఉన్నట్లు వార్తలు వెలువడిన తరువాత సైన్యమే పూనుకొని దానిని బాగు చేయించింది. దీనిలో మనం నేర్వవలసినది ఏమిటి? ధ్రువపత్రంగా వాడుకొన్న పేరును సభ ముగియగానే జేబులో పెట్టుకొని వెళ్ళిపోతాము. సభకూ సభకూ నడుమ ఆ సమాధి వద్దకు వెళ్ళి చూచేవారు ఉండరు. తమ మనిషిగా తలచిన సైన్యం వెళ్ళి చూచింది.

కాబట్టి మిలిటరీ తాత పేరు వెదకడం మన విధేయతను నిరూపించుకోవడం కోసం కానే కాదు. మన విధేయతకు పల్లెలో పడుకొన్న ముసలివాని సాక్ష్యం అవసరం లేదు. అవసరమని ఎవరైనా అన్నా ఆ మాటను మనం అంగీకరించరాదు. అతడు మన ఊరివాడు, మన చేతులతో మట్టి ఇచ్చినవాడు, ఆ కారణం చాలు. మరొక సంగతి. ఆ పుస్తకంలో ముస్లిముల పేర్లు మాత్రమే ఉండరాదు. మద్రాసు సైన్యపు దళాలలో, విశేషించి సాపర్లలోను, కూలి దళాలలోను తెలుగు పల్లెల నుండి వెళ్ళిన దళితులు, క్రైస్తవులు ఎందరో ఉన్నారు. వారి శ్మశానాలు మన ఖబరస్తానుల కంటె ఎక్కువ నిర్లక్ష్యానికి గురి అయినాయి. దహనమైన హిందూ సిపాయిలకు దిబ్బ కూడా ఉండదు. వారికి మిగిలేది పేరొక్కటే కనుక అది మరింత అవసరం.

"తెల్లవాని జీతానికి తుపాకి పట్టినవానికి స్మారకమెందుకు?" అని మా సహోద్యోగి ఒకరు ప్రశ్నించారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మొదటి యుద్ధంలో సిపాయి జీతం నెలకు పదకొండు రూపాయలు. ఆ పదకొండు రూపాయల కొరకు బస్రా ఎండలో నిలబడినవానిని సామ్రాజ్య భక్తుడని నిర్ణయించే ముందు ఆనాటి పల్లెలో అతనికి మరి ఏ దారి ఉన్నదో విచారించాలి. అదే తరంలో వేరు దారి పట్టినవారు కూడా ఉన్నారు. 1943లో నేతాజీ సుభాస్ చంద్ర బోసుతో జర్మనీ నుండి జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీ హైదరాబాదు వాస్తవ్యుడే. మలయాలోను, బర్మాలోను ఒకే ఊరివారు ఇటు బ్రిటిష్ భారత సైన్యంలోను, అటు ఆజాద్ హింద్ ఫౌజులోను ఉండి ఉండవచ్చు. తిరిగి వచ్చిన తరువాత ఒకే మసీదులో నమాజు చేసి, ఒకే ఖబరస్తానులో పడుకొని ఉండవచ్చు. పుస్తకంలో ఇద్దరి పేర్లూ వ్రాద్దాము. ఎవరు ఒప్పో తేల్చడం తరువాతి మాట. ముందు ఎవరు ఎవరో తెలియాలి గదా.

హైదరాబాదు సంస్థానపు సైనికుల సంగతి కూడా ఇటువంటిదే. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరాన్ని పట్టుకొన్న అశ్వదళ బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు హైదరాబాదు దళం కూడా ఉన్నది. ఢిల్లీలోని తీన్‌మూర్తి చౌకులో నిలిచిన మూడు కంచు విగ్రహాలు ఆ మూడు సంస్థానాలకు ప్రతీకలు. ఢిల్లీ వెళ్ళినవారందరూ ఆ విగ్రహాలను చూస్తారు. ఆ దళంలో గుర్రమెక్కి తిరిగి వచ్చినవారు మన తెలంగాణ ఖబరస్తానులలో ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పగలిగినవారిని మేము ఇంతవరకు కలుసుకోలేదు.

ఊరు తలచుకొంటే ఈ పని జరుగుతుందనడానికి పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం సాక్ష్యం. ఇంటింటి నుండి సైన్యానికి వెళ్ళే ఆ ఊరికి మిలిటరీ మాధవరమనే పేరు స్థిరపడినది. రెండు ప్రపంచ యుద్ధాలకు వెళ్ళినవారి ముచ్చట అక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఊరిలో స్మారకం కూడా వెలసింది. ఇరువురు ముగ్గురు మాత్రమే సైన్యానికి వెళ్ళిన ఊళ్ళకు అటువంటి కీర్తి రాదు. అటువంటి ఊళ్ళే మనకు ఎక్కువ.

మేము ప్రతిపాదించే పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కళాశాల గ్రంథాలయంలో గట్టి అట్ట గల రిజిస్టరు ఒకటి ఉంచాలి. సిపాయి పేరు, తండ్రి పేరు, ఊరు, సైనిక సంఖ్య, దళం, చేరిన సంవత్సరం, విడుదలైన సంవత్సరం, వెళ్ళిన దేశాలు, మరణించిన తేదీ, గోరీ ఉన్న చోటు అందులో వ్రాయాలి. చివరి గడిలో ఆ సంగతి చెప్పినవారి పేరు, వయస్సు తప్పక ఉండాలి. చెప్పినవారెవరో తెలియని సంగతిని రేపటివారు నమ్మరు. వినికిడిని వినికిడిగానే, కాగితం చూచి వ్రాసినదానిని అట్లాగే గుర్తించాలి.

మన కళాశాలకు ఒక సౌలభ్యమున్నది. పాత గోరీల పలకరాళ్ళపై అక్షరాలు ఉర్దూలో ఉంటాయి, కొన్నింటిపై హిజ్రీ సంవత్సరం మాత్రమే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలు చాలమంది వాటిని చదువలేరు. అటు ఉర్దూ శాఖ విద్యార్థులకు పింఛను కాగితాల మీది తెలుగు దస్తూరి, రెవెన్యూ మాటలు కొరుకుడు పడవు. ఇద్దరిద్దరుగా, ఒకరు ఈ శాఖ నుండి ఒకరు ఆ శాఖ నుండి వెళితే రెండూ చదువబడతాయి. విద్యార్థినుల సహాయం మరింత ముఖ్యం. ఆడవారు ఖబరస్తానుకు వెళ్ళే ఆచారం మన పల్లెలలో లేదు గాని, ఏ పెట్టెలో ఏ కాగితమున్నదో, తాత ఏ ఊరి పేరు కలవరించేవాడో వారికే తెలుసు. వితంతు పింఛను పొందిన నాయనమ్మ కోడలికి చెప్పిన సంగతులు మగవారి ముందు బయటపడవు. మన అమ్మాయిలు వంటింటి గడప వద్ద కూర్చుంటే బయటపడతాయి.

దళాల పేర్లు మారుతూ వచ్చిన విషయం గుర్తుంచుకోవాలి. కాగితంలో 19వ హైదరాబాదు రెజిమెంటు అని ఉంటే ఆ దళం 1945 నుండి కుమావోన్ రెజిమెంటుగా వ్యవహరింపబడుతున్నదని తెలియాలి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోను, మద్రాసు సాపర్ల కేంద్రం బెంగళూరులోను ఉన్నాయి. సంఖ్య దొరికితే అక్కడికి ఉత్తరం వ్రాయవచ్చు. స్వాతంత్ర్యానంతరం పనిచేసినవారి విషయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని ముందుగా అడగాలి. సంఖ్య లేకుండా పేరు మాత్రమే వ్రాసి పంపితే ప్రయోజనం తక్కువ. షేక్ మస్తాన్ అనే పేరు గలవారు ఒక్క జిల్లాలోనే ఎందరుంటారో మన హాజరు పట్టీలు చూస్తే తెలుస్తుంది.

పాలకవర్గం వారికి మా విన్నపం మూడు విషయాలకు సంబంధించినది. రిజిస్టరుకు, బస్సు ఛార్జీలకు స్వల్ప మొత్తం మంజూరు చేయాలి. వార్షిక సంచికలో ఉర్దూ విభాగంలో రెండు, తెలుగు విభాగంలో రెండు పుటలు ఏటా ఈ జాబితాకు కేటాయించాలి. కుటుంబాలవారు చూపించే కాగితాలను మన వద్ద ఉంచుకోక, నకలు తీసి అదే రోజు వారికి అందజేసే ఏర్పాటు ఉండాలి. ఒకసారి కాగితం చేతులు మారితే తిరిగి రాదనే భయం పల్లెవారికి ఉన్నది. ఆ భయం నిష్కారణమైనది కాదు.

షబె బరాత్ రాత్రి మనవారు ఖబరస్తానులకు వెళ్ళి, గోరీల చుట్టూ శుభ్రం చేసి, పూలు చల్లి, ఫాతెహా చదివి వస్తారు. సంవత్సరంలో ఆ ఒక్క రాత్రి ఎవరి దిబ్బ దగ్గర ఎవరు నిలబడతారో కండ్లారా చూడవచ్చు. ఎవరూ నిలబడని దిబ్బలు కూడా అప్పుడే తెలుస్తాయి. రాబోయే షబె బరాత్‌కు విద్యార్థులు తమ తమ ఊళ్ళకు వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిలు వెంట తీసుకొని వెళ్ళవలెనని కోరుతున్నాము. మొదటి విడతగా పది ఊళ్ళ వివరాలు చేకూరినా వచ్చే సంచికకు అచ్చుకు ఇవ్వగలము. వివరాలు తెలుగు శాఖలో గాని, ఉర్దూ శాఖలో గాని, ఏ భాషలో వ్రాసినా తీసుకొంటాము.